మా అమ్మ దాచిన తెల్ల మొక్కజొన్న హైబ్రిడ్ల తయారీకి పనికొస్తుందా? ఎలా తేల్చుకోవాలి?

వెలిగొండ కింది రైతు:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా సీతారామపురం మండలం. వెలిగొండల కింద పల్లె. ఆరెకరాల మెట్ట, కంది, సజ్జ, ఆముదం వేస్తాం. బోరు పారే ఎకరంన్నరలో ఐదారేళ్లుగా కంపెనీ మొక్కజొన్న వేస్తున్నా.

మా ఇంట్లో ఒక పాత మొక్కజొన్న ఉంది. మా అమ్మ దాన్ని తెల్లపొత్తు అనేది. పుట్టింటి నుంచి కొంగున కట్టుకొచ్చిన విత్తనం అని చెప్పేది. కండె జానెడు కూడా ఉండదు. గింజ తెల్లగా, గట్టిగా, పూసలాగా నున్నగా ఉంటుంది, కంపెనీ గింజలాగా నెత్తిన గుంట పడదు. వినాయక చవితికి అటూ ఇటూ పడే వానకి దొడ్డి వెనక పది సెంట్లలో సజ్జ మధ్య విత్తేది. దీపావళికి పిలకాయలకు పచ్చి కండెలు కాల్చి పెట్టేది. కార్తీకంలో మిగతావి విరిచేది. వాటిలో ఒరగకుండా నిలబడిన మొక్కల కండెలు, కొన దాకా గింజ పట్టినవి ఏరి, పైపొరలు జడలా అల్లి పొయ్యి మీద దూలానికి వేలాడదీసేది. విత్తేటప్పుడు మాత్రం ఒక్క కండె గింజలు ఎప్పుడూ విత్తలేదు. అన్నింటి నుంచీ తలా కాసిని వలిచి కలిపేది. ఎందుకని అడిగితే "ఒక్క తల్లి పిల్లలే అయితే ఒకేసారి జబ్బున పడతారు" అనేది.

ఆమె పోయి రెండేళ్లయింది.

ఆమె ఉన్న రోజుల్లో ఒక ఏడు విత్తిన నెలకి వాన మొహం చాటేసింది. అప్పటికింకా మాకు బోరు లేదు. పక్క చేలో వేసిన కంపెనీ మొక్కజొన్నకి పైన పూత వచ్చి రాలిపోయింది కానీ పీచు బయటికి రాలేదు. కండెలన్నీ పళ్లూడిన నోరులా అయ్యాయి. మా తెల్లపొత్తుకి కండె చిన్నదైనా గింజ నిండింది. ఆ ఏడు మా ఇంట్లో గటక దాంతోనే. అది నా మనసులో ఉండిపోయింది.

పోయినేడు సరిగ్గా చూద్దామని బోరు చేలో ఐదు సెంట్లు తెల్లపొత్తు, ఆనుకునే ఐదు సెంట్లు కంపెనీ రకం వేశాను. ఎరువు, నీళ్లు, కలుపు అన్నీ ఒకటే. ఎండబెట్టి తూస్తే కంపెనీది 104 కిలోలు, మాది 38. పైగా మాది సగం మొక్కలు గాలికి ఒరిగిపోయాయి. అగ్రికల్చర్ బీఎస్సీ చదువుతున్న మా మేనల్లుడు ఆ లెక్క చూసి "మామా, ఇది బ్రీడింగ్‌కి పనికిరాదు, తిండికి ఉంచుకో" అన్నాడు.

ఇంకో తప్పు కూడా జరిగింది. కండెలు వలుస్తుంటే తెల్ల గింజల మధ్య పసుపు గింజలు కనిపించాయి. ఒక్కో కండెలో పదీ ఇరవై, కంపెనీ చేను వైపు గట్టు మీదవాటిలో సగానికి సగం. పక్కపక్కన వేసి నా చేతులతోనే అమ్మ విత్తనం పాడు చేశానని నిద్ర పట్టడం లేదు. అమ్మ చేత్తో కట్టిన జడలో ఇంకా 23 కండెలు పొయ్యి మీద ఉన్నాయి. నిజమైన తెల్లపొత్తు ఇక అంతే.

నేను అడిగేది ఇది. ఇలాంటి పాత రకం హైబ్రిడ్ల తయారీలో దేనికైనా పనికొస్తుందా? పనికొస్తుందో లేదో నాలాంటి రైతు తన చేలో చూసుకునే దారి ఉందా? ఆ 23 కండెలు ఏం చేయాలి?

విశ్రాంత బ్రీడర్, కావలి:

తమ్ముడూ, ముందు ఆ 23 కండెల సంగతి. ఈ రోజే దించు. పొగకి పురుగు పట్టకపోవచ్చు కానీ ఆ వేడికి ఏడాదికేడాది మొలక చస్తుంది. ఒక్కో కండెకి ఒక నంబరు వెయ్యి. తలా రెండు గింజలు తీసి తడి గోనెలో చుట్టి మొలక చూడు. మొలిచినవి పారేయకు, కుండీలో పెట్టు. ప్రతి కండెలో సగం గింజలు బాగా ఆరబెట్టి, మూత బిగిసే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఫ్రిజ్ కింది అరలో దాచు. మిగతా సగంతోనే ఏ పనైనా.

ఇక నీ లెక్క. 38, 104 అనే అంకెలు నిజమే, కానీ అవి నువ్వు అడిగిన ప్రశ్నకి జవాబు కాదు. తెల్లపొత్తు తనంతట తాను ఎంత పండుతుందన్నది ఒక ప్రశ్న. వేరే రకంతో కలిసినప్పుడు దాని పిల్లలు ఎలా ఉంటాయన్నది ఇంకో ప్రశ్న. హైబ్రిడ్ చేసేవాళ్లకి రెండోదే కావాలి. హైబ్రిడ్‌కి తల్లీతండ్రీ అయ్యే ఇన్‌బ్రెడ్ లైన్లను నువ్వు చేలో చూస్తే అసహ్యించుకుంటావు. నడుము ఎత్తు మొక్క, పిడికెడు కండె. మీ 38 కిలోలంత కూడా ఇవ్వనివి ఎన్నో చూశాను. వాటి పిల్లే నీ 104 కిలోల రకం. 1908లో అమెరికాలో షల్ అనే ఆయన చూపించింది ఇదే. సొంత పుప్పొడితో తరాల తరబడి పెంచితే మొక్కజొన్న కుంగిపోతుంది. అలా కుంగిన రెండు వేరు వేరు లైన్లను కలిపితే లేచి నిలబడుతుంది.

ఇది నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొండ ప్రాంతాల నుంచి సేకరించిన రకాలు నలభై దాకా ఒకే మడిలో వేశాం. దిగుబడిలో చివరి వరసలో ఉన్నవి కొట్టేశాం. అందులో ఒక పొట్టి తెల్ల రకం ఉంది. 45 రోజులకే పీచు వేసింది. రిజిస్టర్‌లో దాని పేరు మీద గీత గీసింది నేనే. కొన్నేళ్ల తర్వాత బెట్టలో త్వరగా పీచు వేసే రకం కోసం వెతుకుతూ అదే గుర్తొచ్చి బీరువా తెరిస్తే గింజ మొలవలేదు. దాన్ని తెచ్చిన ఊరికి వెళ్తే అక్కడా ఎవరి దగ్గరా లేదు. అప్పటి నుంచి దేన్నీ ఒక్కసారైనా సంకరం చేసి చూడకుండా వదలలేదు.

ఇప్పుడు నువ్వు పాడైపోయాయని ఏడుస్తున్న ఆ పసుపు గింజల గురించి. వాటిని పారేయలేదు కదా? గింజ రంగులో పసుపు తెలుపును మింగేస్తుంది. తల్లి తెల్లపొత్తు అయినా, మీద పడిన పుప్పొడి పసుపు రకానిదైతే ఆ గింజ అదే ఏడు పసుపుగా వస్తుంది. మీ కంపెనీ రకం గింజలు పూర్తి పసుపే కాబట్టి, తెల్లపొత్తు కండెలో ఉన్న ప్రతి పసుపు గింజకీ తల్లి మీ అమ్మ రకం, తండ్రి కంపెనీ రకం. తెల్లగా మిగిలినవి తెల్లపొత్తువే. అంటే నీ పంట పాడు కాలేదు. చేత్తో ఏరితే రెండుగా విడిపోతుంది. పైగా మేము రోజుల తరబడి సంచులు కట్టి చేసే సంకరం గాలి నీకు ఉచితంగా చేసి పెట్టింది.

దాన్నే వాడుకో. మూడు రకాల విత్తనం తీసుకో. పసుపు గింజలు, అదే పంటలోంచి ఏరిన తెల్ల గింజలు, కంపెనీ రకం కొత్త ప్యాకెట్. ఐదు మీటర్ల సాలు, మొక్కకీ మొక్కకీ 20 సెంటీమీటర్లు. మూడింటినీ పక్కపక్కన నాలుగేసి సాళ్లు వెయ్యి. ఇదే వరస చేలో నాలుగు చోట్ల, ప్రతిచోటా క్రమం మార్చి వెయ్యి. పోయినేడు నువ్వు ఒక్క చోట ఐదు సెంట్లు వేశావు. ఒక మూల నేల బలంగా ఉన్నా, నీళ్లు ఎక్కువ నిలిచినా ఆ లెక్క మారిపోతుంది. చుట్టూ రెండు సాళ్లు కంచెలా వేసి వాటిని తూయకు. నాలుగేసి సాళ్లలో కూడా మధ్య రెండే తూకానికి తీసుకో. పొడుగు రకం పక్కన పొట్టి రకం నీడకి నష్టపోతుంది.

రాసుకోవాల్సినవి ఇవి. సగం మొక్కలు పుప్పొడి రాల్చిన రోజు, సగం మొక్కలకి పీచు కనబడిన రోజు. ఈ రెండింటి మధ్య ఎన్ని రోజులన్నది నాకు దిగుబడి కంటే ముఖ్యం. ఆ కరువు ఏడు పక్క చేలో జరిగింది ఇదే. బెట్ట తగిలితే పీచు ఆలస్యం అవుతుంది, అది వచ్చేసరికి పుప్పొడి ఉండదు. మీ తెల్లపొత్తులో ఆ ఎడం పెరగలేదంటే అది చాలా విలువైన గుణం. ఇంకా ఒరిగిన మొక్కలు, పూత తర్వాత ఎండు తెగులుతో మధ్యలో చచ్చినవి, కత్తెర పురుగు సుడి కొరికినవి లెక్కపెట్టు. కండెలు తూచాక ఒక ఐదు కిలోలు వలిచి గింజ ఎంత, బెండు ఎంత చూడు. మూడింటి గింజలూ ఒకే తేమకి వచ్చాకే తూకం.

పసుపు గింజల మొక్కలకి సగం రక్తం కంపెనీది. కాబట్టి అవి తెల్లపొత్తు కంటే ఎక్కువ పండితే సంబరపడకు. తెల్లపొత్తుదీ కంపెనీదీ, ఆ రెండింటి దిగుబడికి సగటు కట్టు. నీ పోయినేటి అంకెల ప్రకారం అది 71. సగటు దగ్గరే ఆగితే చెప్పుకోదగ్గ విశేషం లేదు. సగటు మీద బాగా పైకి పోతే, తెల్లపొత్తులో కంపెనీ రకంలో లేనిదేదో ఉందన్నమాట. అప్పుడు మాట్లాడుకోవాల్సింది చాలా ఉంటుంది.

ఆ మడిలో పండింది మాత్రం విత్తనానికి వాడకు. అక్కడ అందరి పుప్పొడీ అందరి మీదా పడుతుంది.

ఆడ మగ సాళ్ల రైతు, దర్శి:

మేడమ్ చెప్పింది చదివి పసుపు గింజలు నేను కూడా ఏరి చూడాలనిపిస్తోంది. మా ఇంట్లో ఎర్ర గింజ రకం ఒకటి ఉండేది, ఇప్పుడు లేదు.

అన్నా, నేను ఖమ్మం వైపు మా బామ్మర్ది పొలంలో నాలుగు సీజన్లు ఆడ మగ మొక్కజొన్న, అంటే హైబ్రిడ్ విత్తనం పండించే చేను, చేశాను. విత్తన చేను చుట్టూ 200 మీటర్ల లోపల వేరే మొక్కజొన్న ఉండకూడదని అక్కడ కట్టడి. మీ 23 కండెల విత్తనం పెంచాలంటే అంత ఎడం మీకు దొరక్కపోవచ్చు. అప్పుడు రెండు దారులు. పక్కవాళ్ల చేను కంటే కనీసం నెల తేడాతో విత్తడం. లేదంటే చేత్తో పుప్పొడి వేయడం.

చేత్తో వేయడం కష్టమేం కాదు, ఓపిక కావాలి. కండె ఆకు చంకలో కనబడగానే, పీచు బయటికి రాకముందే పైన బటర్ పేపర్ కవరు తొడగాలి. ఒక్క పీచు బయటికి కనబడినా ఆ కండె వదిలేయండి. పీచు వచ్చాక ముందు రోజు సాయంత్రం కండె కొన కొంచెం కోసి మళ్లీ కవరు తొడిగితే తెల్లారేసరికి పీచు అంతా కుంచెలా సమానంగా వస్తుంది. అదే సాయంత్రం వేరే మొక్కల పూతకి ఖాకీ సంచి కట్టాలి. పొద్దున తొమ్మిదికీ పదకొండుకీ మధ్య, మంచు ఆరాక, సంచి వంచి దులిపితే పసుపు పొడి పడుతుంది. నాలుగైదు మొక్కల పొడి కలిపి పీచు మీద వేసి వెంటనే సంచి మూసేయాలి. ఎండ ముదిరితే ఆ పొడి పనికిరాదు. ఏ మొక్క పొడి ఆ మొక్కకే వేయకుండా చూసుకోండి. సంచుల మీద తేదీ పెన్సిల్‌తో రాయండి, పెన్ను రాత మంచుకి కరిగిపోతుంది. మొదటి సీజన్‌లో మాకు అలా వంద కవర్ల రాతలు పోయాయి.

వెలిగొండ కింది రైతు:

మేడమ్, మీ మాట చదివాక రాత్రే గోతం విప్పాను. పసుపు గింజలు కోడికి వేసేద్దామని మా ఆవిడ విడిగా పోసి పెట్టింది. ఇంకా వేయలేదు. తూస్తే రెండున్నర కిలోలు ఉన్నాయి. అవి చేతిలో పట్టుకుంటే ఏదో పోయిన వస్తువు దొరికినట్టుంది.

23 కండెలకీ పాత పంచె గుడ్డ పీలికలు కట్టి నంబర్లు వేశాను. 46 గింజలు గోనెలో పెడితే ఐదో రోజుకి 31 మొలిచాయి. 9, 14 నంబర్ల కండెలవి ఒక్కటీ రాలేదు. ఆ రెండింటిలో ఇంకో పది గింజలు చూడనా, వదిలేయనా?

దర్శి తమ్ముడూ, పక్క చేను మా చిన్నాన్నది. ఈ ఏడు ఆయన జూలైలోనే మొక్కజొన్న విత్తేశాడు. నేను అమ్మ విత్తిన కాలానికే, చవితి తర్వాత వేస్తే నెల మీద పది రోజులు తేడా వస్తుంది. మాకెటూ పెద్ద వానలు అక్టోబర్, నవంబర్లలోనే కదా. అమ్మ ఆ కాలం ఎందుకు ఎంచుకుందో ఇన్నాళ్లకి అర్థమైంది. మొక్క చిన్నగా ఉన్నప్పుడు ఎండ, పీచు వేసేసరికి ఈశాన్య వానలు.

మేనల్లుణ్ణి:

ఆ మేనల్లుణ్ణి నేనే. మామా, నేను తొందరపడి అన్నాను. మాకు క్లాసులో జనరల్ కంబైనింగ్ ఎబిలిటీ, అంటే ఒక రకం పలు రకాలతో కలిసినప్పుడు పిల్లలు సగటున ఎలా ఉంటాయన్నది, చెప్పారు, పరీక్ష కూడా రాశాను. మన చేలో 38 అంకె చూసేసరికి అదంతా తలలోంచి పోయింది. సెలవులకి వచ్చి సాళ్లు నేనే కొలిచి వేస్తాను.

మేడమ్, ఒక ప్రశ్న. తెల్లపొత్తు మంచిదని తేలినా, దాన్నుంచి ఇన్‌బ్రెడ్ లైన్లు తీయాలంటే ఆరేడు తరాలు స్వపరాగ సంపర్కం చేయాలి కదా. డబుల్ హాప్లాయిడ్ పద్ధతిలో (సగం జన్యువులే ఉన్న మొక్కను తీసి వాటిని రెట్టింపు చేయడం) రెండు మూడు సీజన్లలో అయిపోతుందంటారు. కర్ణాటకలోని కునిగల్‌లో ఆ కేంద్రం ఉందని చదివాను. నాటు రకాలకి అది పనిచేస్తుందా?

విశ్రాంత బ్రీడర్, కావలి:

తమ్ముడూ, 9, 14 వదలకు. పది కాదు, ఇరవై చూడు. ఒక్క మొలక వచ్చినా అది ఆ కండె వంశం. మిగతా 21 కండెల నుంచి తలా ఇరవై గింజలు లెక్కపెట్టి తియ్యి, ఏ కండెకీ ఎక్కువ తక్కువ వద్దు. మొలక శాతం చూస్తే మూడు వందల దగ్గర మొక్కలు నిలవొచ్చు. కనీసం వంద కండెలు కోయగలిగితే ఆ రకంలోని వైవిధ్యం చాలావరకు నిలుస్తుంది. మీ అమ్మ తలా కాసిని కలిపి విత్తేదని రాశావు చూడు, మేము జన్యు నిధిలో విత్తనం పెంచేటప్పుడు చేసేది అచ్చం అదే. నేను ఆ వాక్యం రెండుసార్లు చదివాను.

బాబూ, మంచి ప్రశ్న. పనిచేస్తుంది. కానీ నాటు రకంలో లోపలికి దాగిన చెడ్డ జన్యువులు ఎక్కువ. జతలో ఒకటి మంచిదైతే అవి బయటపడవు. డబుల్ హాప్లాయిడ్‌లో ఒక్క దెబ్బకి అన్నీ బయటపడతాయి. తెల్లగా మొలిచి చచ్చేవి, గింజ కట్టనివి చాలా ఉంటాయి. వందల్లో కొన్నే బతుకుతాయి, ఆ బతికినవి గట్టివి. అందుకే చాలామంది ముందు నాటు రకాన్ని మంచి ఇన్‌బ్రెడ్‌తో కలిపి, అవసరమైతే మళ్లీ ఆ ఇన్‌బ్రెడ్‌తోనే కలిపి, నాటు వాటా సగమో పావో ఉంచి అక్కడి నుంచి లైన్లు తీస్తారు. చివరి హైబ్రిడ్‌లో తెల్లపొత్తు కంటికి కనబడదు. పీచు త్వరగా రావడమో, వేరు గట్టిగా దిగడమో, అలా ఒక గుణంగా ఉంటుంది.

ఇంకో మాట. ఒక్క రకాన్ని ఒక్క హైబ్రిడ్‌తో చూస్తే సగం జవాబే. వేరు వేరు వర్గాలకి చెందిన రెండు టెస్టర్లతో, అంటే కలిపి చూడడానికి వాడే తెలిసిన రకాలతో, ఇరుగు పొరుగు రకాలతో పాటు పెట్టి చూడాలి. 1987లో మొదలుపెట్టి లాటిన్ అమెరికా, అమెరికా కలిసి 12 దేశాల్లో దాదాపు 12,000 పాత రకాలను అలాగే వడపోశారు. అంత సంఖ్య ఉంటే మొదట సొంత దిగుబడి చూసి ఏరక తప్పదు, వాళ్లూ అలాగే చేశారు. చివరికి మిగిలిన కొద్ది శాతాన్నే టెస్టర్లతో కలిపి చూశారు. మన చేతిలో ఉన్నది ఒక్కటి. దాన్ని నేరుగా కలిపి చూసే వీలుంది, వాడుకుందాం.

ఈ శ్రమంతా ఎందుకని అడిగేవాళ్లకి 1970 గుర్తుచేస్తాను. అమెరికాలో హైబ్రిడ్లు చాలావరకు ఒకే రకం మగ వంధ్యత్వం (పనికొచ్చే పుప్పొడి రాకపోవడం) ఉన్న తల్లుల నుంచి వచ్చాయి. ఒక్క ఆకుమాడు తెగులు వచ్చి ఆ ఏడు మొక్కజొన్న పంటలో దాదాపు 15 శాతం తినేసింది. మీ అమ్మ మాట అదే కదా తమ్ముడూ, ఒక్క తల్లి పిల్లలని.

దోర్నాల దారిలో:

నేను నల్లమలలో చెంచు గూడేల మధ్య తిరిగే పనిలో ఉంటాను. అక్కడ ఇళ్ల చుట్టూ మొక్కజొన్న వేసుకునే అలవాటు ఇప్పటికీ ఉంది. గింజ రంగులు చూస్తే మతి పోతుంది. కానీ ఒక్క గుప్పెడు కూడా నేను తెచ్చి ఇక్కడ ఎవరికీ ఇవ్వను. అది వాళ్లది. వాళ్లు కూర్చుని ఒప్పుకుంటేనే.

అన్నా, మీకూ అదే చెప్తాను. విత్తనం ఎవరికిచ్చినా ముందు కాగితం మీద పెట్టండి. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం ప్రకారం రైతు తన రకాన్ని తన పేరున నమోదు చేసుకోవచ్చు, దానికి రైతు దగ్గర ఫీజు తీసుకోరు. రేపు ఎవరైనా మీ రకం వాడి కొత్త హైబ్రిడ్ నమోదు చేస్తే, తల్లిదండ్రుల మూలం ఎక్కడిదో దరఖాస్తులో చెప్పాలి. లాభంలో వాటా అడిగే హక్కు అక్కడి నుంచే వస్తుంది. మీ పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉంటే వాళ్ల రిజిస్టర్‌లో కూడా తెల్లపొత్తు పేరు, మీ అమ్మగారి ఊరి పేరు రాయించండి.

ఒంగోలు గిత్త మన జిల్లాలదే. బ్రెజిల్ వెళ్లి నెలోర్ అనే పేరుతో అక్కడి మందల్లో కోట్ల సంఖ్యలో ఉంది. పేరు మన నెల్లూరుది. గిత్తను పెంచిన మన రైతుకి ఆ మందల్లో వాటా ఏమీ రాలేదు. విత్తనం విషయంలో అలా జరగనివ్వకండి.

వెలిగొండ కింది రైతు:

ఆ కాగితాల పని మేనల్లుడికి అప్పజెప్పాను. అమ్మ పుట్టినూరు ఉదయగిరి అవతల. అక్కడ మా మేనమామ కొడుకు ఉన్నాడు. ఫోన్ చేసి అడిగితే, వాళ్ల పెద్దమ్మ ఇంట్లో ఇలాంటిదే ఒక రకం ఉందనీ, కాకపోతే బెండు ఎర్రగా ఉంటుందనీ చెప్పాడు. ఆదివారం వెళ్తున్నాను. ఆమె ఇస్తానంటేనే తెస్తాను, ఆమె పేరు రాసే తెస్తాను.

మేడమ్, 9లో ఇరవైకి మూడు మొలిచాయి. 14లో ఒకటి. ఆ నాలుగూ తులసి కోట పక్కన కుండీలో ఉన్నాయి.

విశ్రాంత బ్రీడర్, కావలి:

ఎర్ర బెండు ఉన్నదాన్ని వేరుగా ఉంచు, తెల్లపొత్తులో కలపకు. దాన్ని కూడా అదే కంపెనీ రకంతో కలిపి చూద్దాం, అప్పుడు రెండింటినీ పోల్చే వీలుంటుంది.

కుండీలోవి చేలో వాటికంటే ముందే పూతకి వస్తాయి. పూత కనబడగానే చెప్పు, వాటి పుప్పొడి ఒకదాని నుంచి ఒకదానికి వేయాలి. కావలి నుంచి పొద్దున బస్సుకి వస్తాను. సంచులు నేనే తెస్తాను.